దేవర దున్న నడక

రోగిని నడిపించమన్న వైద్యుణ్ణి పైడమ్మ తన బతుకులో చూడలేదు. రోగమొచ్చిన మనిషికి నులక మంచం, చారునీళ్ళు, గాలి తగలని మూల. లంఖణం పరమౌషధమని పెద్దలు ఊరికే అనలేదు. అలాంటిది, కాలవ పనుల దగ్గర దొర పెట్టిన ఆసుపత్రి నుంచి పడవెక్కి వచ్చిన, గాయాలకు కట్లు కట్టే డ్రెస్సరు అబ్రహాము, ఆమె మొగుడు సత్తియ్యను ఇంట్లోంచి బయటికి పిలిచి, ఎండలో నిలబెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కణితి కోయడానికి ఇంకా టైము ఉందండీ. ఈలోగా రోజూ రెండు పూటలా నడవాలి. ఇక్కడ రేవు కాణ్ణించి ఉప్పుమళ్ళ గట్టు దాకా వెళ్ళి రావాలి. ఇవాళ కొంచెం, రేపు ఇంకొంచెం" అన్నాడు.

"ఆయ్" అన్నాడు సత్తియ్య.

"చేపలు తినాలి. గుడ్లు తినాలి. పథ్యం గిథ్యం అని కడుపు మాడ్చుకోవద్దు."

"ఆయ్."

"పడవ శంఖం ఉందా ఇంట్లో? పొద్దున్నే ఊపిరి బిగబట్టి ఊదండి. గుండెలు గట్టిపడాలి."

దానికీ ఆయ్ అన్నాడు. మొగుడి నోట్లో ఆ ముక్క తప్ప ఇంకేమీ లేనట్టుంది చూస్తే. పైడమ్మకు ఒళ్ళు మండింది. సత్తియ్యకు కుడి రెక్క వెనక కణితి. రేగుపండంత మొదలై కొబ్బరికాయంత అయింది. వెల్లకిలా పడుకోలేడు, తెడ్డు పట్టలేడు, వల విసరలేడు. అలాంటి మనిషిని పట్టుకుని శంఖం ఊదమనడమేమిటి, ఎగతాళి కాకపోతే?

అబ్రహాము వంగి సత్తియ్య పిక్కను నొక్కి చూశాడు. తొడ నొక్కాడు. ఎడమ జబ్బ పట్టుకుని, "ఇక్కడ ఇంకొంచెం కండ పట్టాలి" అన్నాడు తనలో తాను. ఆ చేత్తో పట్టడం, ఆ కళ్ళు చిట్లించడం పైడమ్మ ఇదివరకు చూసింది. సంతలో గొడ్ల బేరగాళ్ళు అలాగే నొక్కుతారు.

"ఇంత చేస్తున్నారు గదా, దొరగారికి మేం ఏం ఇచ్చుకోవాలి బాబూ?" అని అడిగింది.

"ఏమీ అక్కర్లేదమ్మా."

"ఊరికేనే?"

"ఊరికేనండి. మంచం పట్టి వచ్చినవాణ్ణి కోస్తే లేవడం లేదు. పని చేసుకుంటూ వచ్చినవాడు లేస్తున్నాడు. దొరగారు కళ్ళారా చూసేరు. అందుకే నడవమంటున్నారు. అంతకుమించి ఏం లేదు."

అంతకుమించి ఏం లేదు అన్నవాడి దగ్గరే ఏదో ఉంటుందని పైడమ్మ నమ్మకం. మంగలి గోళ్ళు తీసినా మానెడు గింజలు పట్టుకెళ్తాడు. సముద్రాలు దాటి వచ్చినవాడు వాళ్ళాయన కణితి ఊరికే ఎందుకు కోస్తాడు? అబ్రహాము పడవెక్కేదాకా చూసి, తరవాత మొగుడి పిక్క మీద అతని వేళ్ళు పడ్డచోట కొంగుతో తుడిచింది.

మర్నాడు రేవులో చేపలు తోముతుంటే పక్కింటి కాంతం దగ్గరగా జరిగింది. కాంతానికి ఊళ్ళో జరిగేవీ తెలుసు, జరగనివీ తెలుసు.

"వదినా, అన్నయ్యని నడిపిస్తున్నారంట కదా."

"ఆయ్."

"మేపుతున్నారంట కూడా."

పైడమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"నేనేం అనట్లేదు. ఏటి మీంచి కాలవ దాటించడానికి వంతెన కడుతున్నారు చూడు, దాని స్తంభం మళ్ళీ కుంగిందంట. మట్టి మోసే వాళ్ళు చెప్పేరు. ప్రాణం పడితే గాని అది నిలబడదని అందరూ అంటున్నారు."

"దానికీ మా ఆయనకీ ఏటి?"

"నీకు నేను చెప్పాలా? జాతరకి వదిలిన దేవర దున్నని ఏం చేస్తాం? ఎవడి చేలో పడినా అదిలించం. కడుపునిండా మేపుతాం. ఆఖర్న కడిగి, పసుపు రాసి, బూర ఊదుతూ గుమ్మం గుమ్మం తిప్పుతాం." కాంతం చేప కడుపు చీల్చి ఏట్లోకి విదిలించింది. "తిప్పేక ఏటవుతుందో నీకూ తెలుసు."

"మా ఆయనకి కణితి ఉంది. మచ్చున్న దున్నని అమ్మోరు తీసుకోదు."

"అందుకే గదా ముందు అది తీసేస్తానంటున్నాడు దొర" అంది కాంతం. "గాయం మానేదాకా ఆగుతారు. ఆపైన ఒళ్ళు శుభ్రం."

అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతానికి ఇంత పొందికైన కాళ్ళూ చేతులూ తగిలించేవాళ్ళు మాత్రం ఎప్పుడో గాని దొరకరు. ఊరికే కోయడం ఎందుకో, తిండి ఎందుకో, నడక ఎందుకో, శంఖం ఎందుకో పైడమ్మకు ఒక్క దెబ్బతో తెలిసిపోయింది. మిగిలిన చేపలు తోమకుండానే తట్ట నెత్తికెత్తుకుని ఇంటికి వచ్చేసింది.

వచ్చేసరికి సత్తియ్య ఇంట్లో లేడు. శంఖం ఊదుతూ వీధిలో నడుస్తున్నాడు.

ఆమె వెనకాలే వెళ్ళింది. కణితి బరువుకు అతను ఒకవైపు ఒరిగి నడుస్తున్నాడు. నాలుగిళ్ళు దాటేసరికి ఆయాసం; ఆగుతాడు; ఆ గుమ్మంలో ఉన్నవాళ్ళతో ఏదో మెల్లగా అంటాడు. వాళ్ళు తలూపుతారు. మళ్ళీ నడుస్తాడు, మళ్ళీ ఇంకో గుమ్మం దగ్గర ఆగుతాడు. ఎన్నడూ ఇరుగింటి గడప ఎక్కని మనిషి, ఇప్పుడు ఊరందరితో కబుర్లు పెట్టుకుంటున్నాడని పైడమ్మకు చిరాకు పుట్టింది. చావు తరుముకొస్తుంటే ఈయనకు ముచ్చట్లు!

వీధి చివర ముసలి అచ్చాయమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. సత్తియ్య ఎండకు వగరుస్తున్నాడు, కాళ్ళ నిండా వేడి ఇసక. పాపం ఆ ముసలిది జాలిపడి చెంబు వంచింది. నీళ్ళు అతని పాదాల మీద పడ్డాయి.

పైడమ్మ ఒక్క పరుగున వెళ్ళి చెంబు లాగి ఇసకలోకి విసిరింది. జాతర రోజున దున్న కాళ్ళ మీద నీళ్ళు వారబోసిన చేతులు ఆమెవి కూడా. ఆ నీళ్ళు పోశాక దున్న ఎటు వెళ్తుందో ఆ వీధిలో ప్రతి ఆడదానికీ తెలుసు.

"ఏటే అమ్మా నీకు, దయ్యం గాని పట్టిందా?" అంది అచ్చాయమ్మ బిత్తరపోయి.

సత్తియ్య చెంబు వెతికి తీసి, ఇసక దులిపి, ముసలిదానికి ఇచ్చాడు. పైడమ్మ కేసి చూసి చిన్నగా నవ్వి, గట్టు వైపు సాగిపోయాడు.

ఆ రోజు నుంచీ ఆమె చేయని ప్రయత్నం లేదు. శంఖాన్ని బియ్యం కుండలో దాచింది. అతను అరచేతులు దోనె చేసి ఊదాడు. కూర వండలేదు, అచ్చాయమ్మ ఇంట్లో తినొచ్చాడు. చివరికి నోరు విడిచి అడిగేసింది.

"మావా, వద్దు. కోయించుకోవద్దు. కణితి ఉంటే ఉండనీ. నిన్ను కూచోబెట్టి నేను పోషిస్తాను."

"ఇది నా వీపు మీదుందే పైడీ, నీ వీపు మీద కాదు" అన్నాడు సత్తియ్య. "బోర్లా పడుకుని తెల్లారగట్లదాకా నేలకేసి చూస్తన్నాను ఎన్నాళ్ళనించో. ఇంక నా వల్ల కాదు."

ఆ బాధ ఆమె పక్కనుండి చూసింది. పళ్ళ బిగువున మూలుగు మింగుతుంటే అతని మెడ నరాలు ఉబ్బడం చూసింది. కణితి ఉంచితే చస్తాడు, తీయిస్తే చంపుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె ఏడుస్తుంటే అమ్మలక్కలు, "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా" అని నవ్వారు. మొగుడు హాయిగా తిని తిరుగుతున్నాడట, ఈవిడ చిక్కి శల్యమవుతోందట.

నిజమే, సత్తియ్య కండపట్టాడు. ఉప్పుమళ్ళ గట్టు దాకా ఆగకుండా వెళ్ళొస్తున్నాడు. అబ్రహాము మళ్ళీ వచ్చి పిక్కలు నొక్కి, "ఇంక తయారే" అన్నాడు సంతోషంగా.

ఆసుపత్రంటే తాటాకు కప్పిన పొడుగాటి పాక. దాని గుమ్మంలో నిలబడితే ఏట్లో వంతెన స్తంభాలు కనిపిస్తాయి. పైడమ్మ పడవ దిగగానే చూసింది వాటినే. ఒక స్తంభం చుట్టూ వెదుళ్ళు కట్టి, జనం గంపలతో రాళ్ళు దింపుతున్నారు. అన్నిటిలోకీ అదే పొట్టిగా ఉంది. కుంగిందన్న మాట అబద్ధం కాదన్నమాట.

దొర చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చాడు. ఎర్రటి మొహం, తెల్లటి వెంట్రుకల చేతులు. ఆమె కేసి చూడనైనా చూడలేదు. సత్తియ్యను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి ముక్కు దగ్గర ఏదో తడిగుడ్డ పెట్టారు. తియ్యటి పాడు వాసన గుమ్మం దాకా వచ్చింది. తడిక వేసేశారు. పైడమ్మ అతని పైగుడ్డ గుండెలకు హత్తుకుని బయట కూచుంది. లోపల్నించి కేక వస్తే తడిక తోసుకుని వెళ్ళిపోదామని కాళ్ళు కూడగట్టుకుంది. కేక రాలేదు. రాకపోవడంతో ఆమెకు ఇంకా ఎక్కువ భయమేసింది.

కొంతసేపటికి అబ్రహాము వచ్చి, "అయిపోయిందమ్మా, బాగానే ఉన్నాడు" అన్నాడు. అతని చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

సత్తియ్య పక్క మంచం మీద కొత్తపేట వైపు భూస్వామి, అమ్మిరాజు గారని, ముప్పయ్యేళ్ళ వాడు. తొడలో పుండు ముదిరితే దొర కోశాడు. తల్లి సత్యనారాయణమ్మ గారు పరుపు, దిండ్లు, గంగాళం, నేతి గిన్నె అన్నీ ఇంటినుంచి తెచ్చుకుంది. కొడుకును వెల్లకిలా పడుకోబెట్టి తల తిప్పనిచ్చేది కాదు. చారన్నం నోట్లో పెట్టేది, పాదాలు ఒత్తేది, ఈగ వాలితే విసనకర్రతో తోలేది. రోగిని అలా చూసుకోవాలి గదా మరి, అని పైడమ్మ మనసులో మెచ్చుకుంది. తల్లి ఉంటే అంతే.

మర్నాడు అబ్రహాము వచ్చి సత్తియ్య మంచం దగ్గర ఆగాడు.

"లేచి కూచోవాలండీ. రేపటికి నిలబడాలి. ఎల్లుండి గుమ్మందాకా నడవాలి."

"నిన్ననే గదా కోసేరు బాబూ" అంది పైడమ్మ.

"అందుకేనమ్మా. పడుకునే ఉంటే గుండెల్లో నీరు చేరుతుంది. త్వరగా లేస్తే త్వరగా మానుతుంది."

త్వరగా మానాలి. ఆ మాట ఆమె చెవిలో గుచ్చుకుంది. ఎందుకో అంత తొందర? ఏట్లో వెదుళ్ళు కట్టిన స్తంభం తడిక సందులోంచి కనబడుతూనే ఉంది.

"ఆ పక్క మంచం ఆయన్ని లేపరే? మా ఆయన్నే లేపుతారేం?"

అబ్రహాము గొంతు తగ్గించాడు. "వాళ్ళు పెద్దోళ్ళమ్మా. ఒకసారి చెప్పేను. ఆవిడ ఒప్పుకోలేదు."

"పెద్దోళ్ళ బిడ్డకి పరుపూ, మా ఆయనకి పరుగూనా?"

అతను తల దించుకుని కట్టు సర్దసాగాడు. తప్పు చేసేవాడే తల దించుకుంటాడు. పైడమ్మకు ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది. బలికి పెద్దింటి బిడ్డను తీసుకుంటే అడిగే నాథుడుంటాడు. వలవాణ్ణి తీసుకుంటే ఎవరడుగుతారు?

డ్రెస్సరు అటు వెళ్ళగానే ఆమె మొగుడి చెవి దగ్గర వంగింది. "మావా, లేవకు. ఆడొస్తే మూలుగు. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పు. నేను చెప్పేదాకా కాలు కింద పెట్టకు."

సత్తియ్య ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. ఇన్నాళ్ళకు తన మాట విన్నాడని ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అబ్రహాము వచ్చినప్పుడల్లా అతను మూలిగేవాడు. ఆమె దుప్పటి మెడదాకా కప్పి, "ఒళ్ళు కాలుతోంది బాబూ, రేపు చూద్దాం" అనేది. అబ్రహాము నుదుటి మీద చెయ్యి వేసి చూసేవాడు. జ్వరం లేదని అతనికి తెలుసు. అతనికి తెలుసునని ఆమెకీ తెలుసు. ఇద్దరూ ఒకరినొకరు దొంగల్లా చూసుకునేవారు.

అమ్మిరాజు గారికి దగ్గు మొదలైంది. ముందు పొడిదగ్గు, తరవాత గురగుర. తల్లి గుండెల మీద వేడినెయ్యి రాసింది. దొర వచ్చి చెవి ఆనించి విని, అబ్రహాముతో ఇంగ్లీషులో గట్టిగా ఏదో అన్నాడు. అబ్రహాము సత్యనారాయణమ్మ గారి ముందు నిలబడి, "అమ్మగారూ, బాబుగారిని కొంచెం లేపి కూచోబెడదామండీ" అన్నాడు.

"చచ్చి బతికిన వాణ్ణి కుదుపుతావుట్రా? దూరంగా ఉండు" అందావిడ.

అతను దూరంగా ఉన్నాడు.

ఆ మధ్యాహ్నమే అమ్మిరాజు గారు పోయాడు. ఆవిడ పాదాలు ఒత్తుతూనే ఉంది. ఊపిరి కోసం రెండుమూడు సార్లు ఎగబీల్చి, నోటి చివర నురగతో ఆగిపోయాడు. విసనకర్ర ఇంకా ఆవిడ చేతిలో ఊగుతోంది.

"కాలు కింద పెట్టనివ్వలేదే నాన్నా, పువ్వులా చూసేనే నిన్ను" అని ఆవిడ ఏడుస్తుంటే పాకలో అందరూ తలో దిక్కు చూశారు. అబ్రహాము గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఎవరూ చూడడం లేదనుకుంటూ తుడుచుకుంటున్నాడు, అందుచేత పైడమ్మకు అది నటనలా కనిపించలేదు.

"ఈయన్ని చంపడం వల్ల మీకేటి లాభం?" అని అడిగింది దగ్గరికి వెళ్ళి.

"చంపడమేంటమ్మా?" అతనికి అర్థం కాలేదు. "భయపడ్డానమ్మా. పెద్దింటావిడ, గట్టిగా చెప్పలేకపోయేను. మీరు పేదోళ్ళు కాబట్టి మీమీదే అజమాయిషీ చేసేను. ఆవిడ మీద కూడా చేసుంటే ఆయన బతికుండేవాడు."

పెద్దింటివాళ్ళకి ఏ మర్యాద జరిగిందని పైడమ్మ కుళ్ళుకుందో ఆ మర్యాద ఎదురుగా తెల్లగుడ్డ కప్పుకుని ఉంది.

అప్పుడే వెనక నుంచి వినబడింది. సత్తియ్య దగ్గాడు. ముందు పొడిగా, తరవాత మళ్ళీ, చివర్న సన్నటి గురకతో.

ఆమె పరుగెత్తింది. దుప్పటి లాగేసింది. తన చేత్తో మెడదాకా కప్పిన దుప్పటి అది. రోజుల తరబడి మంచానికి అతుక్కున్న అతని కాళ్ళు, ఉప్పుమళ్ళ గట్టు దాకా ఆగకుండా వెళ్ళిన కాళ్ళు, అప్పుడే పీలగా కనిపిస్తున్నాయి. నేనే పడుకోబెట్టాను, నేనే చంపుకుంటున్నాను అనుకుంది.

"మావా, లే. లేచి కూచో. నడవాలి."

సత్తియ్య కదల్లేదు. ఆమెను ఎగాదిగా చూశాడు.

"లే మావా. గుమ్మం దాకా."

"గుమ్మం దాకానేనా, స్తంభం దాకానా?" అన్నాడు.

పైడమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"నీకంటే ముందు కాంతం నాకే చెప్పిందే" అన్నాడు సత్తియ్య మెల్లగా, ఊపిరి కూడదీసుకుంటూ. "నడవమన్న రోజు సాయంత్రమే."

"తెలిసీ నడిచేవా?"

"కణితితో ఎలాగూ పోయేవాణ్ణే. పోయేముందు గుమ్మం గుమ్మానికీ వెళ్ళి నిన్ను అప్పజెబుదామని నడిచేను. నోరు దురుసే గాని మంచిది, నేను లేకపోతే ఇంత కూడు పెట్టండి, ఏరు పొంగితే పిలవండి, అని. అందరూ సరే అన్నారు." అతను మళ్ళీ దగ్గాడు. "కోసేక కళ్ళు తెరిస్తే బతికే ఉన్నాను. నువ్వు లేవొద్దన్నావు. నాకూ ఆశ పుట్టింది పైడీ. నువ్వు నన్ను దాస్తున్నావనుకున్నాను."

"దాచేను మావా. దాచేను గాని..."

"మరి ఇయ్యాల లెమ్మంటున్నావు. వాడితో ఇందాక మాట్లాడేవు. చూసేను." అతని కళ్ళు గుంజ దగ్గరున్న అబ్రహాము మీదికి వెళ్ళి మళ్ళీ ఆమె మీదికి వచ్చాయి. "ఏమన్నాడు నీతో? నిన్ను కూడా కలిపేసుకున్నారా?"

పడుకుంటే గుండెల్లో నీరు చేరుతుందని చెబుదామనుకుంది. అది అబ్రహాము మాట. త్వరగా లేస్తే త్వరగా మానుతుందని చెబుదామనుకుంది. అదీ అబ్రహాము మాటే. ఏ మాట నోటి దాకా వచ్చినా అది తాను ఇన్నాళ్ళూ నమ్మనిదే అయింది. ఒట్టు వేద్దామంటే, ఇంతకుముందు అతని ఒంటికి జ్వరముందని డ్రెస్సరుతో అలవోకగా అబద్ధమాడిన నోరు ఇదే, అతను విన్నాడు. ఆ నోటికి ఇప్పుడు విలువ ఏముంది?

"నన్ను నమ్మక్కర్లేదు మావా" అంది చివరికి. "నమ్మకుండానే నడిచేవు గదా అన్నాళ్ళూ. అలాగే నడు."

సత్తియ్య ఆమె చేతిని చూశాడు, తరవాత మొహాన్ని, తనని పట్టి ఇచ్చేవాళ్ళను చూసినట్టు. అతను అలా చూస్తాడని ఆమె కల్లో కూడా అనుకోలేదు. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఎంత కోపంలోనైనా ఆ చూపు ఎరగదు.

"సరే" అన్నాడు. "అందరికీ చెప్పే వచ్చేను."

ఒక కాలు కింద పెట్టాడు, తరవాత రెండోది. ఆమె ఎడమ జబ్బ కింద భుజం పెట్టి లేపింది. కట్టు కింద గాయం లాగిందేమో, పళ్ళు బిగించాడు. గుంజ దగ్గర నుంచి అబ్రహాము రెండో వైపు పట్టుకోవడానికి వస్తుంటే పైడమ్మ కళ్ళతోనే వద్దంది.

సత్యనారాయణమ్మ గారి ఏడుపు పక్క నుంచి, తెల్లగుడ్డ కప్పిన మంచం పక్క నుంచి, ఇద్దరూ గుమ్మం వైపు వెళ్ళారు. గడప దగ్గర ఏటిగాలి మొహానికి కొట్టింది. అతనికి దగ్గు తెరలా వచ్చి, కఫం తెగి బయట పడింది. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది.

"ఇంకా ఎంత దూరం?" అన్నాడు సత్తియ్య.

"చాలు. ఇంక వెనక్కి" అంది పైడమ్మ.

అతను వెంటనే వెనక్కి తిరగలేదు. ఏట్లో స్తంభం కేసి చూశాడు, తన చుట్టూ పట్టుకున్న ఆమె చేతి కేసి చూశాడు. నిజంగా వెనక్కేనా అని ఆమె మొహంలో వెతికాడు. ఆమె అతని జబ్బ కింద నుంచి భుజం తీయలేదు. అతను వెతికి, వెతికి, మంచం వైపు మొదటి అడుగు వేసేదాకా అలాగే అతని బరువు మోస్తూ నిలబడింది.